ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు ఉండే మన తెలుగువాళ్ళకి: క్రెడిట్ కార్డులు పక్కపక్కన పెట్టి ఎలా చూస్కోవాలి

"ఏ కార్డు తీస్కోమంటారు" అని అడిగేవాళ్ళు ఈ మధ్య బాగా ఎక్కువయ్యారు. ఒక పేరు చెప్పేస్తే పనైపోద్ది అనుకుంటారు గానీ, బరంపురంలో బట్టల షాపులో చేసే అతనికి, జయపురంలో కాంట్రాక్టు పనులు చూస్కునే ఆయనకి, పర్లాకిమిడి నుంచి రోజూ పాతపట్నం వెళ్ళొచ్చే టీచరమ్మకి ఒకే కార్డు ఎలా సరిపోద్ది చెప్పండి. అందుకే పేరు చెప్పను, చూస్కునే పద్ధతి చెప్తాను. మూడే మూడు విషయాలు: మనం కొనే షాపుల్లో ఆ కార్డు నడుస్తుందా, ఏడాదికి ఎంత తింటుంది, తేడా వస్తే డబ్బు వెనక్కి రప్పించుకోగలమా. పాయింట్లు, ఎయిర్‌పోర్టు లాంజులు, సినిమా టికెట్లు అన్నీ వీటి తర్వాతే.

ఒక మాట ముందే. నెలనెలా బిల్లు మొత్తం కట్టగలం అనే ధీమా ఉన్నవాళ్ళకే ఇది. చేతిలో డబ్బు లేక కార్డు తీసుకుందాం అనుకుంటే మాత్రం నాలుగో స్టెప్పు ముందు చదవండి, ఆ తర్వాత ఆలోచించండి.

కావలసినవి

- గత మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, ఫోన్లో యూపీఐ హిస్టరీ
- మీకు నచ్చిన రెండు మూడు కార్డుల "ముఖ్య నిబంధనలు, షరతులు" కాగితం. ప్రతి బ్యాంకు సైటులోనూ పెట్టాలి, బ్రాంచిలో అడిగినా ఇవ్వాలి. రంగురంగుల పాంప్లెట్ కాదు, చిన్న అక్షరాలతో చార్జీల పట్టిక ఉంటుంది చూడండి, అది.
- పాన్, ఆధార్, జీతం స్లిప్పులు లేదా ఐటీ రిటర్న్
- ఒక తెల్ల కాగితం, పెన్ను, తీరిగ్గా ఒక సాయంత్రం

1. ముందు మీ షాపుల లిస్టు రాయండి

కార్డుల గురించి చదవకముందే ఇది చెయ్యండి. యూపీఐ హిస్టరీ తెరిచి ఎక్కడెక్కడ ఖర్చు పెట్టారో రాస్కోండి: కిరాణా, మందులు, పెట్రోలు, కరెంటు బిల్లు, పిల్లల ఫీజు, రైలు టికెట్లు, ఆన్‌లైన్. పక్కన నెలకి సుమారు ఎంతో వెయ్యండి. ఏడాదికొకసారి వచ్చే పెద్ద ఖర్చులు విడిగా రాయండి: పెళ్ళికి పట్టుచీరలు, ఫ్రిజ్, ఇంట్లో ఎవరికైనా బాగోకపోతే విశాఖ ఆసుపత్రి.

చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. పాంప్లెట్లో "డైనింగ్ మీద 5 శాతం" అని ఉంటే అదే చూస్తారు, తీరా చూస్తే వాళ్ళ నెల ఖర్చులో హోటల్ భోజనం రెండు వందలు కూడా ఉండదు.

2. మీ షాపుల్లో నడుస్తుందో లేదో మీరే చూస్కోండి

సైటులో "లక్షలాది షాపుల్లో చెల్లుతుంది" అని ఉంటుంది. ఆ లక్షల్లో మీ వీధి కిరాణా కొట్టు ఉందా లేదా అన్నదే మీకు కావాలి.

మన ఊళ్ళలో స్వైప్ మిషను ఉన్న షాపులు తక్కువ. బరంపురం అస్కా రోడ్డు మీద పెద్ద షోరూములు, బంగారం షాపులు, సూపర్ మార్కెట్లు, పెట్రోలు బంకులు, పెద్ద మెడికల్ షాపులు, అంతవరకే. గిరి మార్కెట్లో కూరగాయలు కొన్నా, గుణుపురంలో టీ తాగినా అక్కడ కనపడేది క్యూఆర్ స్టిక్కరే. ఆ క్యూఆర్ మీద నడిచేది రూపే క్రెడిట్ కార్డు ఒక్కటే. 2022 సెప్టెంబరు నుంచి రూపే క్రెడిట్ కార్డుని యూపీఐ యాప్‌లో కలుపుకోనిస్తున్నారు, వీసా, మాస్టర్‌కార్డు కలవవు. కాబట్టి చిన్న ఊళ్ళో ఉంటే మొదటి కార్డు రూపే అయితే పనికొస్తుందని నా గట్టి అభిప్రాయం.

ఐతే రూపే ఉంటే చాలు అన్ని క్యూఆర్‌లూ పనిచేస్తాయనుకోకండి. స్టిక్కర్లు రెండు రకాలు. వ్యాపారి పేరు మీద రిజిస్టరైన మర్చంట్ క్యూఆర్ ఒకటి, షాపాయన తన సొంత సేవింగ్స్ అకౌంటు క్యూఆర్ ప్రింటు తీసి అతికించింది ఇంకొకటి. రెండో దాని మీద క్రెడిట్ కార్డు నడవదు, ఎందుకంటే కార్డు నుంచి మనిషికి డబ్బు పంపడానికి పర్మిషన్ లేదు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. తేడా తెలియాలంటే రూపే కార్డు ఇప్పటికే ఉన్న స్నేహితుణ్ణో, బంధువునో వెంటబెట్టుకెళ్ళి అతని ఫోన్‌తో స్కాన్ చేయించండి. అమౌంట్ దగ్గర పది రూపాయలు కొట్టి, ఎక్కడి నుంచి కట్టాలో ఎంచుకునే చోట చూడండి. మర్చంట్ క్యూఆర్ ఐతే కార్డు ఎంచుకోనిస్తుంది, సొంత అకౌంటుదైతే కార్డు మసకబారి ఉంటుంది లేదా ఇక్కడ చెల్లదని చూపిస్తుంది. పిన్ కొట్టక్కర్లేదు, అంతవరకు చూసి వెనక్కి వచ్చేయొచ్చు. లిస్టులో ఒక్కో షాపు పక్కన "మిషను", "క్యూఆర్", "ఏదీ లేదు" అని రాస్కోండి.

షాపాయన "కార్డైతే నాకు కట్ అవుద్ది బాబూ" అంటే, చిన్న వ్యాపారులకి రెండు వేల లోపు రూపే క్రెడిట్ యూపీఐ పేమెంటు మీద చార్జీ పడదని చెప్పండి. చాలామందికి ఈ సంగతి తెలీదు.

పెద్ద షాపుల్లో ఇంకో తలనొప్పి, "కార్డైతే రెండు పర్సెంట్ ఎక్స్‌ట్రా" అంటారు. క్రెడిట్ కార్డు మీద షాపు బ్యాంకుకి కొంత కట్టుకోవాలి, అది మన నెత్తిన వేస్తారు. లెక్క చూడండి: నలభై వేల పట్టుచీరల మీద రెండు శాతం అంటే 800 రూపాయలు, మీ కార్డు ఒక శాతం పాయింట్లిస్తే వచ్చేది 400. అక్కడ అకౌంటు నుంచి యూపీఐ కొట్టడమే మేలు. బిల్లు వేయకముందే "కార్డుకి ఏమన్నా ఎక్స్‌ట్రా ఉందా" అని అడగండి, స్వైప్ అయ్యాక గొడవ పడితే లాభం లేదు. తీసుకుంటే మాత్రం ఆ ఎక్స్‌ట్రా బిల్లులో రాయమనండి, చాలాసార్లు ఆ మాటతోనే తగ్గుతారు.

ఇక నెట్‌వర్క్, అంటే కార్డు రూపేదా, వీసాదా, మాస్టర్‌దా అన్నది, ఎవరు ఎంచుకుంటారు? మీరే. 2024 సెప్టెంబరు 6 నుంచి పెద్ద బ్యాంకులు కొత్త కార్డు ఇచ్చేటప్పుడు నెట్‌వర్క్ ఎంచుకునే అవకాశం ఇవ్వాలని ఆర్బీఐ రూలు. ఏజెంటు "మా దగ్గర ఇదొక్కటే వస్తుంది" అంటే మళ్ళీ అడగండి. విదేశీ సైట్లలో కొనేవాళ్ళకి, పిల్లలు బయట దేశాల్లో చదివేవాళ్ళకి వీసా గానీ మాస్టర్ గానీ రెండో కార్డుగా ఉంటే సుఖం. అమెక్స్, డైనర్స్ అనే నెట్‌వర్క్‌ల కార్డుల్ని మన వైపు చిన్న ఊళ్ళలో అన్ని మిషన్లూ తీసుకోవు, మొదటి కార్డుగా వద్దు.

జాగ్రత్త: కొన్ని రూపే కార్డులు యూపీఐ ఖర్చు మీద పాయింట్లు తక్కువిస్తాయి లేదా అసలివ్వవు. అది చార్జీల పట్టికలో ఉండదు, రివార్డు రూల్సులో ఉంటుంది.

3. ఏడాది ఖర్చు లెక్క

"లైఫ్‌టైమ్ ఫ్రీ" అన్నదాన్ని కాగితం మీద చూసేదాకా నమ్మకండి. మొదటేడు ఫ్రీ, రెండో ఏడు నుంచి ఫీజు అనేవి చాలా ఉన్నాయి. పట్టికలో ఇవి వెతికి ఒక్కో కార్డుకీ పక్కపక్కన రాయండి:

- చేరే ఫీజు, ఏడాది ఫీజు. దాని మీద 18 శాతం జీఎస్టీ కలపాలి, అంటే 499 అని రాసుంటే మీరు కట్టేది 589. ఎంత ఖర్చు పెడితే మాఫీ అవుద్దో చూడండి, ఆ ఖర్చులో పెట్రోలు, అద్దె, వాలెట్ లోడు లెక్కలోకి రాకపోవచ్చు.
- ఏటీఎంలో డబ్బు తీస్తే ఫీజు, వడ్డీ. దీనికి గడువేమీ ఉండదు, తీసిన రోజు నుంచే వడ్డీ. తియ్యకండి, అంతే.
- లేటు ఫీజు శ్లాబులు
- విదేశీ కరెన్సీలో కొంటే బ్యాంకు అదనంగా వేసే మార్కప్. 3.5 శాతం దాకా ఉంటుంది.
- అద్దె, స్కూలు ఫీజు యాప్‌ల ద్వారా కడితే అదనపు చార్జీ
- ఈఎంఐ ప్రాసెసింగ్ ఫీజు. "నో కాస్ట్" అన్నా ఈ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ పడతాయి.
- పాయింట్లు వాడుకోడానికి ఫీజు. అవును, దానికీ ఉంటుంది.

పెట్రోలు గురించి కొంచెం. ఆంధ్రా కంటే మన ఒడిశాలో రేటు తక్కువని ఇచ్చాపురం వైపు నుంచి కూడా బళ్ళు ఇటొచ్చి కొట్టించుకుంటాయి, కాబట్టి చాలామంది ఫ్యూయల్ కార్డు అడుగుతారు. కార్డు మీద కొడితే సాధారణంగా ఒక శాతం సర్‌చార్జి పడుద్ది, కార్డు దాన్ని మాఫీ చేస్తుంది, కానీ బిల్లు ఒక కనీస మొత్తం దాటితేనే, చాలా కార్డులకి 400 రూపాయల పైన. టూవీలర్‌లో రెండొందలకి కొట్టించుకునే వాళ్ళకి ఆ మాఫీ అందదు. సర్‌చార్జి మీద పడిన జీఎస్టీ కూడా వెనక్కి రాదు.

ఇప్పుడు రెండు వరసలు వెయ్యండి: మొదటి స్టెప్పులో రాసిన ఖర్చులో కార్డు నిజంగా నడిచే చోట్ల ఏడాదికి మొత్తం ఎంత, దాని మీద వచ్చేది ఎంత. అందులోంచి ఫీజు తీసెయ్యండి. మిగిలింది ఏడాదికి ఐదారొందలైతే, ఫీజు లేని మామూలు కార్డే మీకు మంచిది.

4. వడ్డీ, ఇది మాత్రం పెన్ను పట్టుకుని చదవండి

బిల్లు మీద రెండు అంకెలుంటాయి, మొత్తం బాకీ, కనీస బాకీ. ఇరవై వేల బిల్లొచ్చింది, కనీసం వెయ్యి కట్టారనుకోండి. లేటు ఫీజు పడదు, అంతవరకు నిజమే. కానీ మిగిలిన పంతొమ్మిది వేల మీద నెలకి 3.5 శాతం అంటే 665, దాని మీద జీఎస్టీ 120 దాకా, వెరసి 785. పైగా వడ్డీ లెక్కపెట్టేది గడువు తేదీ నుంచి కాదు, మీరు కొన్న రోజు నుంచి. ఆ తర్వాత కొన్న కొత్త సరుకు మీద కూడా మొదటి రోజు నుంచే వడ్డీ, పాత బాకీ పూర్తిగా తీరేదాకా ఇంతే. నెలకి పదిహేను వేలు ఖర్చు పెట్టి ఒక శాతం లెక్కన 150 సంపాదించేవాళ్ళకి ఐదు నెలల లాభం ఒక్క దెబ్బకి పోయినట్టు.

వడ్డీకి 30 శాతం హద్దు ఉందని ఇప్పటికీ కొందరు చెప్తుంటారు. 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ అలా చెప్పిన మాట నిజమే గానీ, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. కాబట్టి కార్డు కాగితం మీద ఏ రేటుంటే అదే. నెలకి ఎంతో కాదు, ఏడాదికి ఎంతో అడగండి.

గడువు తేదీ మర్చిపోతే కంగారు పడకండి, మూడు రోజులు దాటితేనే లేటు ఫీజు వెయ్యాలని ఆర్బీఐ రూలుంది. దాన్ని అలవాటు చేస్కోకండి, ఆటో డెబిట్‌లో "మొత్తం బాకీ" పెట్టుకోండి. "కనీస బాకీ" పెట్టుకుని ఆటో డెబిట్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

5. తేడా వస్తే ఎవరు కాపాడతారు

మనవాళ్ళు అస్సలు పోల్చని విషయం ఇది.

కార్డు తీసుకోకముందే ఆ బ్యాంకు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి చూడండి. ఎంతసేపటికి మనిషి దొరికారు, తెలుగో ఒడియానో హిందీనో మీకొచ్చిన భాషలో మాట్లాడారా, కార్డు బ్లాక్ చేసే ఆప్షన్ ఎన్నో నొక్కులో వచ్చింది. రాత్రి పదింటికి ఒకసారి చెయ్యండి. మోసం జరిగిన రోజు మీకు కావాల్సింది ఆ ఫోనే. ఇంట్లో పెద్దవాళ్ళకి తెలుగు తప్ప రాకపోతే ఇదొక్కటి చూసి కార్డు ఎంచుకున్నా తప్పులేదు.

రూల్స్ అన్ని బ్యాంకులకీ ఒకటే, గుర్తుపెట్టుకోండి:

మీ తప్పు లేకుండా, బ్యాంకు తప్పూ లేకుండా బయట ఎక్కడో లీకై డబ్బు పోతే, బ్యాంకు మెసేజ్ వచ్చిన మూడు పని దినాల్లో చెప్తే మీకు పైసా నష్టం లేదు. నాలుగు నుంచి ఏడు పని దినాల్లో చెప్తే, ఐదు లక్షల లోపు లిమిట్ ఉన్న కార్డుకి మీ మీద పడేది గరిష్ఠంగా పది వేలు. ఏడు దాటితే బ్యాంకు పాలసీ దయ. ఇది ఆర్బీఐ 2017లో పెట్టిన రూలు. కానీ ఓటీపీ మీరే చెప్తే అది మీ తప్పు కింద పోతుంది, ఫిర్యాదు చేసేవరకు పోయినదంతా మీదే. మోసమైతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కూడా వెంటనే చెయ్యండి.

మిషన్లో డబ్బు కట్టై షాపుకి కన్ఫర్మేషన్ రాకపోతే ఐదు రోజుల్లో తిరిగి రావాలి, దాటితే రోజుకి వంద రూపాయల చొప్పున బ్యాంకు ఇవ్వాలి. ఇది అడిగిన వాళ్ళకే వస్తుందనుకోండి, అడగండి.

సరుకు రాలేదు, విరిగినది వచ్చింది, క్యాన్సిల్ చేసినా డబ్బు రాలేదు, వీటికి కార్డులో చార్జ్‌బ్యాక్, అంటే బ్యాంకు ద్వారా షాపు నుంచి డబ్బు వెనక్కి రప్పించడం, అడగొచ్చు. క్రెడిట్ కార్డుకున్న పెద్ద బలం ఇదే. షాపుకి రాసిన మెయిలు, చాట్ స్క్రీన్‌షాట్లు, బిల్లు పెట్టుకుని స్టేట్‌మెంటు రాగానే బ్యాంకుకి డిస్ప్యూట్ ఫారం (ఈ లావాదేవీ మీద అభ్యంతరం ఉందని చెప్పే కాగితం) పంపండి, ఆలస్యం చేస్తే గడువు దాటిపోద్ది. ఫ్రిజ్, ఫోను లాంటివి ఆన్‌లైన్‌లో కొత్త సైటులో కొంటుంటే ఈ ఒక్క కారణానికే నేను కార్డు వాడమంటాను.

బ్యాంకు ముప్పై రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కి ఫ్రీగా ఫిర్యాదు చేయొచ్చు, 14448 నంబరులో తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. ముందు బ్యాంకుకి రాతపూర్వకంగా ఇచ్చిన ఫిర్యాదు నంబరు తప్పనిసరి, నోటిమాటగా బ్రాంచిలో చెప్పొస్తే లెక్కలోకి రాదు. గొడవ షాపుతో ఐతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెయ్యండి. బోర్డర్లో ఉండే మనకి బాగా పనికొచ్చేది ఇంకోటుంది: 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. విశాఖలో కొన్న వస్తువు కోసం విశాఖ తిరగక్కర్లేదు, గంజాం వాళ్ళు గంజాం జిల్లా కమిషన్లోనే వేస్కోవచ్చు.

6. అప్లై చేసేటప్పుడు

ఒకేసారి నాలుగు బ్యాంకుల్లో అప్లై చెయ్యకండి, ప్రతిసారీ మీ క్రెడిట్ రిపోర్టులో (అప్పుల చరిత్ర రికార్డులో) ఎంక్వయిరీ పడుద్ది. మీ పిన్‌కోడ్‌కి ఇస్తారో లేదో ముందు సైటులో చూడండి, కొన్ని బ్యాంకులు లోపలి ఊళ్ళకి ఇవ్వవు. జీతం స్లిప్పు లేని చేనేత వాళ్ళు, చిన్న కొట్టు వాళ్ళు ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు అడగండి, డిపాజిట్‌కి వడ్డీ వస్తూనే ఉంటుంది.

నంబరు విషయం జాగ్రత్త. ఆధార్‌కి ఒక సిమ్ము, బ్యాంకుకి ఒకటి, ఫోన్లో ఉన్నది ఇంకోటి అన్నట్టు ఉంటుంది చాలామందికి. యూపీఐలో కార్డు కలపాలంటే బ్యాంకులో ఉన్న నంబరు సిమ్మే ఫోన్లో ఉండాలి. సూరత్ వెళ్ళి పనిచేస్తున్న కొడుక్కో తమ్ముడికో యాడ్-ఆన్ కార్డు (మీ అకౌంటు మీదే ఇచ్చే అదనపు కార్డు) ఇవ్వాలనుకుంటే దాని మీద ఖర్చు బాధ్యత మొత్తం మీదే, కాబట్టి ఆ కార్డుకి విడిగా సబ్ లిమిట్ పెట్టించండి.

కార్డుతో పాటు ఇన్సూరెన్సు, "ప్రొటెక్షన్ ప్లాన్" అంటగడతారు. వద్దని గట్టిగా చెప్పండి. అడక్కుండా కార్డు పంపి బిల్లేస్తే, ఆ చార్జీలు వెనక్కి తీసుకుని దానికి రెట్టింపు పరిహారం బ్యాంకే ఇవ్వాలని రూలు.

7. కార్డు వచ్చాక

కొత్త కార్డుకి ఆన్‌లైన్, విదేశీ, ట్యాప్ పేమెంట్లు ఆఫ్‌లో ఉంటాయి. "కార్డు పనిచెయ్యట్లేదు" అని ఫోన్ చేసేవాళ్ళలో చాలామందిది ఇదే. యాప్‌లో ఆన్‌లైన్ ఆన్ చెయ్యండి, విదేశీ ఆఫ్‌లోనే ఉంచండి. ట్యాప్‌తో ఐదు వేల దాకా పిన్ లేకుండా పోతుంది, జేబులో కార్డు పోగొట్టుకునే అలవాటున్నవాళ్ళు ఆఫ్ చేస్కోండి.

రోజువారీ లిమిట్ కూడా చూడండి. రాయగడ, కోరాపుట్ నుంచి విశాఖ ఆసుపత్రికి వెళ్తున్నప్పుడు కౌంటర్లో యాభై వేలు అడ్వాన్సు అడుగుతారు, కార్డు లిమిట్ లక్షున్నా స్వైప్ లిమిట్ ఇరవై వేలుంటే డిక్లైన్ అవుద్ది. రైలెక్కకముందే పెంచి పెట్టుకోండి, కొండ దారిలో నెట్‌వర్క్ దొరక్కపోవచ్చు.

8. మొదటి రెండు స్టేట్‌మెంట్లతో సరి చూడండి

మూడో స్టెప్పు కాగితం పక్కన పెట్టుకుని చూడండి. ఫీజు చెప్పినంతే పడిందా, జీఎస్టీతో కలిపి? పెట్రోలు సర్‌చార్జి వెనక్కి వచ్చిందా? యూపీఐ ఖర్చుకి పాయింట్లు పడ్డాయా? ఆటో డెబిట్ మొత్తం బాకీకి జరిగిందా? మీరు ఒప్పుకోని ఇన్సూరెన్సు ఏమన్నా ఉందా? తేడా ఉంటే అదే వారం మెయిలు పెట్టండి, "వచ్చే నెల చూద్దాం" అనుకోవద్దు.

లెక్క కలవకపోతే కార్డు మూసేయండి. బాకీ మొత్తం కట్టి, పాయింట్లు వాడేసి, మూసెయ్యమని మెయిల్లో గానీ యాప్‌లో గానీ రాయండి. ఏడు పని దినాల్లో మూయాలి, దాటితే రోజుకి ఐదు వందలు మీకివ్వాలి. కస్టమర్ కేర్ వాళ్ళు "ఫీజు తీసేస్తాం, ఉంచండి" అంటే, తీసేసినట్టు మెయిలు పంపమనండి, అది వచ్చాకే ఒప్పుకోండి. మూసినట్టు మెసేజ్ వచ్చాక రెండు నెలలాగి క్రెడిట్ రిపోర్టు తీసి చూస్తే ఆ కార్డు "క్లోజ్డ్" అని ఉండాలి, లేకపోతే క్లోజర్ మెయిలు జతచేసి మళ్ళీ రాయండి.